నిర్ణయం లేని కేసులు

తెలుగు రాష్ట్రాల విశ్వవిద్యాలయాల్లో, వాటి అనుబంధ కళాశాలల్లో నడుస్తున్న ఎంబీఏ, ఎంకాం కోర్సుల సిలబస్ ఏది తిరగేసినా ఏదో ఒక పేపరు చివర ‘కేస్ స్టడీలు’ అన్న మాట కనిపిస్తుంది. అనేక చోట్ల ప్రశ్నపత్రంలో తప్పనిసరి ప్రశ్నగా కూడా కేసు వస్తుంది. అయితే ఆ పేరుతో తరగతి గదిలో జరుగుతున్నది చాలావరకు ఒక కంపెనీ ఎలా ఎదిగిందో, ఎలా కూలిందో అధ్యాపకుడు చెప్పడం, విద్యార్థి రాసుకోవడమే. పరీక్షలో ఇచ్చేది అర పేజీ కల్పిత సంఘటన, దాని కింద రెండు మూడు ప్రశ్నలు. పాఠ్యపుస్తకంలోని నిర్వచనాన్ని కాస్త మార్చి రాస్తే మార్కులు పడతాయి. వ్యాపార విద్యలో కేసు అనే బోధనా సాధనం పుట్టింది ఇందుకోసం కాదు. అరకొర సమాచారంతో, గడువు ముంచుకొస్తుండగా, ఒకదానితో ఒకటి పొసగని ప్రయోజనాల నడుమ ఒక వ్యక్తి నిర్ణయం తీసుకోక తప్పని పరిస్థితిని విద్యార్థి ముందుంచి, ఆ నిర్ణయం అతనే తీసుకునేలా చేసి, కారణాలు చెప్పించి, తోటివారి అభ్యంతరాలకు జవాబు చెప్పేలా చేయడం దాని ప్రయోజనం. తగిన కేసులు దొరకడం లేదని విశ్వవిద్యాలయాల్లో తరచూ వినిపించే ఫిర్యాదును ఈ కోణం నుంచి పరిశీలిస్తే, అసలు లోపం కేసును వెతికే తీరులోనూ, వాడే తీరులోనూ ఉందని అర్థమవుతుంది.

ఈ పద్ధతి మూలాలు న్యాయవిద్యలో ఉన్నాయి. 1870లో హార్వర్డ్ న్యాయ కళాశాల డీన్‌గా వచ్చిన క్రిస్టఫర్ కొలంబస్ లాంగ్‌డెల్, న్యాయసూత్రాలను ఉపన్యాసంగా చెప్పే ఆనవాయితీని పక్కనపెట్టి, కోర్టు తీర్పులను విద్యార్థులచేత చదివించి, వాటిలోంచి సూత్రాన్ని వారే రాబట్టేలా ప్రశ్నించే పద్ధతిని ప్రవేశపెట్టాడు. 1908లో ప్రారంభమైన హార్వర్డ్ బిజినెస్ స్కూలుకు 1919లో డీన్ అయిన వాలెస్ డోనమ్ ఆ న్యాయ కళాశాలలోనే చదువుకున్నవాడు కావడంతో అదే పద్ధతిని వ్యాపార విద్యకు మళ్లించాడు. న్యాయవిద్యార్థికి తీర్పులు అచ్చులో సిద్ధంగా ఉంటాయి. వ్యాపార నిర్ణయాలను మాత్రం ఎవరూ అలా రాసిపెట్టరు కనుక, అధ్యాపకులే సంస్థల్లోకి వెళ్లి సమస్యలను రాసుకుని రావలసి వచ్చింది. 1921 నాటి ‘జనరల్ షూ కంపెనీ’ని హార్వర్డ్ బిజినెస్ స్కూలు రాయించిన మొట్టమొదటి కేసుగా చెబుతారు. దాని నిడివి ఒక్క పేజీ. చెప్పుల కర్మాగారంలో కార్మికులు పనివేళ ముగియకముందే పని ఆపేస్తున్నారన్నదే అందులోని సమస్య. కేసు అనగానే పాతిక పేజీల ఆంగ్ల వచనం, డజను పట్టికలు ఉండి తీరాలని అనుకునేవారు ఈ సంగతిని గుర్తుంచుకోవాలి. భారతదేశంలో ఈ పద్ధతి బలంగా వేళ్లూనుకున్నది 1961లో హార్వర్డ్ సహకారంతో ఏర్పడిన అహ్మదాబాద్ ఐఐఎంలో. ఉద్యోగంలో ఉన్న అధికారుల శిక్షణ కోసం 1956లోనే హైదరాబాద్‌లో అడ్మినిస్ట్రేటివ్ స్టాఫ్ కాలేజ్ ఆఫ్ ఇండియా వెలసింది. దేశంలో ఎంబీఏను తొలుత ప్రవేశపెట్టిన విశ్వవిద్యాలయాల్లో ఆంధ్ర విశ్వవిద్యాలయం ఒకటి. కాబట్టి ఈ విద్య తెలుగు నేలకు ఆలస్యంగా వచ్చిందని సరిపెట్టుకోవడానికి వీల్లేదు.

కేస్ స్టడీ పేరుతో ప్రస్తుతం మూడు వేర్వేరు వస్తువులు చలామణీ అవుతున్నాయి. ఒక సిద్ధాంతాన్ని వివరించడానికి పాఠ్యపుస్తకం మధ్యలో పెట్టే ఉదాహరణ మొదటిది. పరిశోధకుడు ఒక సంస్థను లోతుగా అధ్యయనం చేసి, సాక్ష్యాలతో ఒక నిర్ధారణకు వచ్చే పరిశోధనా కేసు రెండోది. మూడోది బోధనా కేసు. ఇందులో రచయిత నిర్ధారణ ఉండదు, ఉండకూడదు. సంఘటనలు, అంకెలు, పాత్రల వాదనలు ఉంటాయి; నిర్ణయం ముంగిటికి తెచ్చి కేసును ఆపేస్తారు. రచయిత ఆ కేసును ఏ ఉద్దేశంతో రాశాడో, ఏ ప్రశ్నతో చర్చ మొదలుపెట్టాలో, ఏ లెక్కలు వేయించాలో చెప్పే టీచింగ్ నోట్ విడిగా అధ్యాపకుడికి మాత్రమే అందుతుంది. కేసు కోసం వెతికే అధ్యాపకులు చాలామంది మొదటి రెండు రకాలను తెచ్చి మూడోదానిలా బోధించబోతారు. సమాధానం ముందే రాసి ఉన్న వ్యాసంపై చర్చ పుట్టదు కనుక తరగతి మళ్లీ ఉపన్యాసంగా మారిపోతుంది.

సిద్ధంగా ఉన్న బోధనా కేసులకు లోటేమీ లేదు. హార్వర్డ్ ప్రచురణ సంస్థ, కెనడాలోని ఐవీ బిజినెస్ స్కూలు, 1973లో బ్రిటన్‌లో ఏర్పడి నేడు ది కేస్ సెంటర్‌గా పిలుస్తున్న పంపిణీ సంస్థ ప్రధాన భాండాగారాలు. అహ్మదాబాద్ ఐఐఎంకు సొంత సంకలనం ఉంది. హైదరాబాద్‌లోని ఇక్ఫాయ్ సంస్థలు పత్రికలు, వార్షిక నివేదికల వంటి ప్రచురిత సమాచారం ఆధారంగా కేసులు రాయడంలో పేరు తెచ్చుకున్నాయి. ఇండియన్ స్కూల్ ఆఫ్ బిజినెస్‌లో తయారైన కేసులు విదేశీ తరగతి గదుల్లోకీ వెళ్తున్నాయి. డబ్బు చెల్లించనవసరం లేని కేసులను మసాచుసెట్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీకి చెందిన స్లోన్ స్కూలు తన వెబ్‌సైట్‌లో అందుబాటులో ఉంచింది. అధ్యాపకుడిగా నమోదు చేసుకుని, గుర్తింపు ధ్రువీకరణ పూర్తయితే, పరిశీలన ప్రతినీ టీచింగ్ నోట్‌నూ ముందుగా చదివి చూసుకునే వీలు ఈ భాండాగారాల్లో సాధారణంగా ఉంటుంది. ఈ సౌకర్యం ఉన్నట్టే తెలియని శాఖలు ఇంకా ఉండటం విచారకరం.

వెతికేటప్పుడు సాధారణంగా జరిగే పొరపాటు కంపెనీ పేరుతోనో, పాఠం పేరుతోనో మొదలుపెట్టడం. ‘మార్కెటింగ్‌లో అమూల్ కేసు కావాలి’ అని వెతికితే వందలు దొరుకుతాయి, పనికొచ్చేది ఏదో తెలియదు. ఈ వారం విద్యార్థి ఏ నిర్ణయం తీసుకోవడం నేర్చుకోవాలన్నది ముందుగా ఒక వాక్యంలో రాసుకుని, ఆ నిర్ణయం చివరి పేరాలో తెరిచి ఉంచిన కేసును ఎంచుకోవడం సరైన దారి. ఎంపికకు ఉపకరించే కొలమానం ఒకటి ఐవీ ఆచార్యులు లీండర్స్, ఎర్‌స్కిన్‌లు రూపొందించినది. కేసు కష్టాన్ని వారు మూడు దిశల్లో, ఒక్కో దిశలో మూడు మెట్లుగా కొలిచారు. సమస్యనూ దానికి తీసుకున్న నిర్ణయాన్నీ రెండింటినీ చెప్పి నిర్ణయం సబబా అని అడిగితే విశ్లేషణ దిశలో అది మొదటి మెట్టు. సమస్య చెప్పి నిర్ణయాన్ని వదిలేస్తే రెండోది. పరిస్థితిని మాత్రమే వర్ణించి సమస్య ఏమిటో కూడా విద్యార్థే తేల్చుకోవలసి వస్తే మూడోది. భావనల సంఖ్య, క్లిష్టత రెండో దిశ. నిడివి, గజిబిజి, అనవసర సమాచారం మూడో దిశ. ఐసెట్ ప్రవేశపరీక్ష రాసి బీఎస్సీ, బీఏ, బీటెక్ వంటి భిన్న నేపథ్యాల నుంచి, కొందరు తెలుగు మాధ్యమం నుంచి వచ్చి చేరిన విద్యార్థులకు మూడో దిశలో తేలికగా, మొదటి దిశలో కష్టంగా ఉండే కేసు కావాలి. ప్రస్తుత ఆచారం దీనికి సరిగ్గా తలకిందులు: చదవడానికి పాతిక పేజీలు ఇచ్చి, చివరికి మాత్రం బలాలు, బలహీనతల పట్టిక రాయమని అడుగుతున్నారు.

ఖర్చు, కాపీహక్కుల విషయంలోనూ స్పష్టత అవసరం. భాండాగారాల కేసులను విద్యార్థికి ఒక ప్రతి చొప్పున లైసెన్స్ తీసుకుని వాడాలి. బోధన క్రమంలో అధ్యాపకుడు చేసే పునరుత్పత్తికి 1957 నాటి కాపీరైట్ చట్టం 52వ సెక్షన్ మినహాయింపు ఇస్తుందని, ఢిల్లీ విశ్వవిద్యాలయ ఆవరణలోని ఫొటోకాపీ దుకాణంపై ప్రచురణ సంస్థలు వేసిన దావాలో ఢిల్లీ హైకోర్టు 2016లో చెప్పిన మాట నిజమే. కానీ ఆ వివాదం పుస్తకాల్లోని భాగాలతో కూర్చిన సంపుటాలకు సంబంధించినది. విద్యార్థికి అమ్మడానికే తయారైన కేసు మొత్తాన్ని, వాడుక షరతులకు ఒప్పుకుని దింపుకున్నాక, ఆ తీర్పు అండతో ఇష్టమొచ్చినన్ని ప్రతులు తీయవచ్చని అనుకోవడం ప్రమాదకరం. శాఖకు కేటాయించే గ్రంథాలయ నిధిలో కొంత భాగాన్ని ఏటా పది పన్నెండు కేసుల లైసెన్స్‌కు మళ్లించడం ఇంతకన్నా గౌరవప్రదమైన మార్గం.

డబ్బు లేని చోట కూడా చేయదగింది చాలా ఉంది. పబ్లిక్ ఇష్యూకు వచ్చే కంపెనీ తన వ్యాపారాన్ని, ప్రమోటర్ల చరిత్రను, పెండింగ్ వ్యాజ్యాలను, ఎదురయ్యే ముప్పులను వివరిస్తూ సెబీకి సమర్పించే ముసాయిదా ప్రాస్పెక్టస్ ఉచితంగా చదువుకోదగ్గ బహిరంగ పత్రం. సెబీ ఉత్తర్వులు, కాంపిటీషన్ కమిషన్ తీర్పులు, ప్రభుత్వరంగ సంస్థలపై కాగ్ నివేదికలు కూడా అంతే. దివాలా స్మృతి కింద జాతీయ కంపెనీ లా ట్రిబ్యునల్ ఇచ్చే ఉత్తర్వుల్లో, అప్పుల పాలైన కంపెనీని ఎవరికి, ఎంతకు అప్పగించాలో రుణదాతల కమిటీ ఓటింగ్‌తో తేల్చుకున్న వైనం ఉంటుంది. పరిష్కార ప్రణాళిక ఆమోదానికి 66 శాతం ఓటు కావాలి. తరగతిని బృందాలుగా చేసి, ఒక్కో బృందానికి ఒక్కో రుణదాత పాత్రను, అతని బకాయికి తగిన ఓటు వాటాను ఇస్తే, ఒక్క బ్యాంకు మొండికేస్తే ఏమవుతుందో విద్యార్థులకు ఎవరూ వివరించనక్కరలేదు. లాంగ్‌డెల్‌కు సిద్ధంగా దొరికిన తీర్పుల వంటి సామగ్రి నేడు భారతీయ వ్యాపార విద్యకూ అందుబాటులోకి వచ్చింది. దానిని కేసుగా మలచుకునే పని మాత్రం ఇంకా చేయవలసినంత జరగలేదు.

మలచడం ఎలాగో చెప్పడానికి సత్యం కంప్యూటర్స్ కన్నా తగిన ఉదాహరణ తెలుగు విద్యార్థికి మరొకటి ఉండదు. ఈ కంపెనీ పతనాన్ని కార్పొరేట్ పాలన, ఆడిటింగ్, వ్యాపార నీతి పాఠాల్లో తరచూ చెబుతూనే ఉన్నారు. అయితే 2009 జనవరి 7న ఖాతాల్లో మోసాన్ని ఒప్పుకుంటూ ఛైర్మన్ రామలింగరాజు రాసిన లేఖతో మొదలుపెట్టి చెబుతారు. మోసం జరిగిందని తెలిశాక విద్యార్థికి ఆలోచించవలసింది ఏమీ మిగలదు. అందరినీ నిందించి బయటపడతాడు. దీనికి బదులు కేసును 2008 డిసెంబర్ 16 నాటి డైరెక్టర్ల బోర్డు సమావేశం దగ్గర ఆపాలి. ఆ రోజు బోర్డు ముందుకు వచ్చిన ప్రతిపాదన, రాజు కుటుంబ సభ్యులు నడుపుతున్న మేటాస్ ప్రాపర్టీస్‌ను పూర్తిగానూ, మేటాస్ ఇన్‌ఫ్రాలో 51 శాతాన్నీ కలిపి దాదాపు 160 కోట్ల డాలర్లకు కొనాలన్నది. ప్రమోటర్ల చేతిలో అప్పటికి ఉన్న వాటా తొమ్మిది శాతం లోపే. అంతకు కొద్ది నెలల ముందే కార్పొరేట్ పాలనలో శ్రేష్ఠతకు ఆ కంపెనీ గోల్డెన్ పీకాక్ పురస్కారం అందుకుంది. కంపెనీ డైరెక్టర్లలో హార్వర్డ్ బిజినెస్ స్కూల్ ఆచార్యుడు ఒకరు, ఇండియన్ స్కూల్ ఆఫ్ బిజినెస్ డీన్ ఒకరు ఉన్నారు. పుస్తకాల్లో నగదు నిల్వ పుష్కలంగా కనిపిస్తోంది. ఇన్ని తెలిసి, ఇంకేమీ తెలియని స్వతంత్ర డైరెక్టర్ స్థానంలో కూర్చున్న విద్యార్థి చేయి ఎత్తాలి: అవునా, కాదా? ఏ కాగితం చూపించమని అడగాలి? సాఫ్ట్‌వేర్ కంపెనీ స్థిరాస్తి వ్యాపారంలోకి ఎందుకు వెళ్లాలని ప్రశ్నించడం ఒక ఎత్తు. అమ్మేవాడూ కొనేవాడూ ఒకే కుటుంబమైన లావాదేవీలో వాటాదారుల అనుమతి తీసుకోకుండా ముందుకు పోవచ్చా అని నిలదీయడం మరో ఎత్తు. చర్చకు ముందు ఒకసారి, తర్వాత ఒకసారి ఓటు వేయించి, ఆ రెండు అంకెలనూ నల్లబల్ల మీద అలాగే ఉంచాలి.

రెండో రోజు కేసులోని రెండో భాగాన్ని పంచాలి. బోర్డు ఆమోదించడం, న్యూయార్క్‌లో కంపెనీ షేరు సగానికి పైగా పడిపోవడం, మదుపర్ల ఆగ్రహంతో గంటల వ్యవధిలో ప్రతిపాదనను వెనక్కి తీసుకోవడం, మూడు వారాలకు లేఖ వెలువడటం అందులో ఉంటాయి. లేఖలోని అంకెలతో పది నిమిషాల్లో చేయించగల లెక్క ఒకటుంది. 2008 సెప్టెంబర్‌తో ముగిసిన త్రైమాసికానికి ప్రకటించిన ఆదాయం 2,700 కోట్ల రూపాయలు, వాస్తవ ఆదాయం 2,112 కోట్లు. ప్రకటించిన నిర్వహణ లాభం 649 కోట్లు, వాస్తవ లాభం 61 కోట్లు. రెండు తేడాలనూ వేరువేరుగా కట్టమంటే రెండుసార్లూ 588 కోట్లే వస్తుంది. లేని అమ్మకానికి ఖర్చు ఉండదు కనుక కల్పించిన ఆదాయమంతా నేరుగా లాభంగా మారింది; ఆ లాభం ఎక్కడో ఒకచోట కనిపించాలి కనుక బ్యాంకు నిల్వగా పేరుకుంది. పుస్తకాల్లో చూపిన 5,361 కోట్ల నగదు, బ్యాంకు నిల్వల్లో 5,040 కోట్లు అసలు లేనివేనని లేఖ చెప్పింది. లేని నగదు స్థానంలోకి నిజమైన ఆస్తులను తెచ్చే ఆఖరి ప్రయత్నమే మేటాస్ కొనుగోలు అన్న వివరణను ఈ లెక్క తర్వాత చదివిన విద్యార్థికి, డిసెంబర్ 16 నాటి ప్రతిపాదన వెనుక తర్కం మొదటిసారి బోధపడుతుంది. ముందురోజు ‘అవును’ అని ఓటేసిన విద్యార్థి, బ్యాంకుల నుంచి నిల్వల ధ్రువీకరణను ఆడిటర్ స్వయంగా తెప్పించుకున్నాడా అని తానెందుకు అడగలేదో వివరించవలసి వస్తుంది. ఆడిటింగ్ పాఠ్యపుస్తకంలో ఎన్నోసార్లు చదివిన ఆ నియమం అతనికి అక్కరకు వచ్చేది అప్పుడే. మూడో భాగం కావాలనుకుంటే, ప్రభుత్వం నియమించిన కొత్త బోర్డు దాదాపు 50 వేల మంది ఉద్యోగుల సంస్థను నిలబెట్టి, 2009 ఏప్రిల్‌లో టెక్ మహీంద్రా చేతికి అప్పగించేదాకా తీసుకున్న నిర్ణయాలతో రాసుకోవచ్చు.

కేసు ఎంపికలో మరో చిక్కు, నిర్ణయం తీసుకునే వ్యక్తి ఎవరన్నది. భాండాగారాల కేసుల్లో ఎక్కువగా ఆ స్థానంలో ఉండేది పెద్ద కంపెనీ అధిపతి. సంస్థల్ని దూరం నుంచి చదివి ఆజ్ఞలు జారీ చేయడమే నిర్వహణ అనే భ్రమను కేసు పద్ధతి పెంచుతుందని నిర్వహణ శాస్త్ర ఆచార్యుడు హెన్రీ మింట్జ్‌బర్గ్ చాలాకాలంగా చేస్తున్న విమర్శలో బలం ఉంది. ఎస్కేఎస్ మైక్రోఫైనాన్స్ ఉదంతాన్ని చూస్తే ఇది తేటపడుతుంది. 2010 ఆగస్టులో ఆ సంస్థ షేర్లు స్టాక్ ఎక్స్ఛేంజీల్లో లిస్టయ్యాయి. అదే ఏడాది అక్టోబర్‌లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం సూక్ష్మరుణ సంస్థలపై ఆర్డినెన్స్ తెచ్చి, జిల్లాల వారీ రిజిస్ట్రేషన్ తప్పనిసరి చేసి, వారం వారం వసూళ్లను కట్టడి చేసింది. ఈ కేసును సంస్థ అధిపతి కోణం నుంచి మాత్రమే రాస్తే, ప్రభుత్వ జోక్యం అనే ముప్పును ఎలా ఎదుర్కోవాలన్న ప్రశ్న ఒక్కటే మిగులుతుంది. అదే కేసును గ్రామీణ పేదరిక నిర్మూలన అధికారి కోణం నుంచి, వసూళ్లకు వెళ్లే క్షేత్ర ఉద్యోగి కోణం నుంచి, ఒకేసారి రెండు మూడు సంస్థలకు బాకీపడిన స్వయం సహాయక సంఘం సభ్యురాలి కోణం నుంచి రాస్తే నాలుగు వేర్వేరు నిర్ణయాలు బయటికొస్తాయి. తెలుగు విద్యార్థుల్లో అలాంటి సంఘం సభ్యురాలి పిల్లలు ఎందరో ఉంటారు. తరగతిలో మిగతావారికి తెలియని సమాచారం వారి దగ్గర ఉంటుంది. దానిని జ్ఞానంగా గుర్తించని కేసు బోధన అసంపూర్ణమే.

ఇదే కారణంగా స్థానిక సంస్థలపై కొత్త కేసులు రాయడం అవసరం. 1956 నుంచి నడుస్తున్న ముల్కనూరు సహకార గ్రామీణ బ్యాంకు, 1995 నాటి పరస్పర సహాయక సహకార సంఘాల చట్టం కింద అక్కడి మహిళలు నెలకొల్పుకున్న పాల డెయిరీ, పోచంపల్లి చేనేత సంఘాలు, గుంటూరు మిర్చి యార్డు కమీషన్ వ్యాపారం, విజయవాడ ఆటోనగర్ వర్క్‌షాపులు: వీటిలో ప్రతిదానిలోనూ ఏటా ఎవరో ఒకరు కఠినమైన నిర్ణయం తీసుకుంటూనే ఉంటారు. పాలు పొంగిపొర్లే కాలంలో సేకరణ ధర తగ్గించాలా, మిగులును పొడిగా మార్చి నష్టం భరించాలా అన్న ప్రశ్న ధరల నిర్ణయం, నిల్వ వ్యయం, సభ్యుల విశ్వాసం అనే మూడు పాఠాలను ఒక్కచోట కలుపుతుంది. సంస్థలోకి వెళ్లి రాసే కేసుకు ఒక క్రమశిక్షణ ఉంది: ముసాయిదాను సంస్థకు చూపించి, వాస్తవాలు సరిచూసుకుని, వాడుకకు లిఖితపూర్వక అనుమతి తీసుకోవాలి, సంస్థ కోరితే పేర్లు, అంకెలు మార్చాలి. ప్రచురిత పత్రాల ఆధారంగా రాస్తే ఈ అనుమతి అక్కర్లేదు కానీ, లోపలి మనిషి సందిగ్ధం అంత స్పష్టంగా దొరకదు. స్థానిక కేసును తెలుగులోనే రాయవచ్చు, ఆంగ్ల కేసును చదివించినా చర్చను తెలుగులో సాగనివ్వవచ్చు. భాష తడబడటం వల్ల వాదన బలహీనపడిన విద్యార్థిని తెలివి తక్కువవాడిగా లెక్కకట్టే అన్యాయం అలా కొంతైనా తగ్గుతుంది.

తరగతి నిర్వహణ గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు. అరవై మంది ఉన్న సెక్షన్‌లో ముందు ఒంటరిగా చదవడం, తర్వాత ఐదారుగురి బృందంలో ఇరవై నిమిషాల చర్చ, ఆపై తరగతి మొత్తం చర్చ అనే మూడంచెలు పాటిస్తే, నోరు విప్పని విద్యార్థికి బృందం దశలోనైనా అవకాశం వస్తుంది. ప్రసిద్ధ కేసులకు సమాధానాలు ఇంటర్నెట్‌లో దొరుకుతున్న కాలంలో, కృత్రిమ మేధ క్షణాల్లో విశ్లేషణ రాసి ఇస్తున్న కాలంలో, రాతపూర్వక కేసు నివేదికకు పెద్ద మార్కులు పెట్టడంలో అర్థం లేదు. తరగతిలో తీసుకున్న వైఖరికి, దాన్ని సమర్థించిన తీరుకు మార్కులుండాలి.

ఈ మార్పుకు అడ్డంగా ఉన్నది అధ్యాపకుల అనాసక్తి అనడం సగం నిజమే. 2018 నాటి యూజీసీ నిబంధనల్లో పరిశోధన పత్రాలకు, పుస్తకాలకు, పర్యవేక్షించిన పీహెచ్‌డీలకు, ఆన్‌లైన్ పాఠాలకు పాయింట్లు ఉన్నాయి. సంస్థకు పదిసార్లు తిరిగి, అనుమతి సంపాదించి, టీచింగ్ నోట్‌తో సహా బోధనా కేసు తయారుచేసిన అధ్యాపకుడికి విడిగా స్థానం లేదు. జాతీయ నిబంధన మారేదాకా ఆగనవసరం లేకుండా విశ్వవిద్యాలయాలు తమ పరిధిలో చేయగలిగినవి కొన్ని ఉన్నాయి. నిపుణుల పరిశీలనలో నెగ్గి, కనీసం రెండు కళాశాలల్లో బోధించిన కేసుకు అంతర్గత పరిశోధన గ్రాంటులో ప్రాధాన్యం ఇవ్వవచ్చు. ఎంబీఏ విద్యార్థి ఎలాగూ చేసే ప్రాజెక్టు రిపోర్టు స్థానంలో, కోరుకున్నవారికి అధ్యాపకుడితో కలిసి ఒక స్థానిక సంస్థపై కేసు రాసే అవకాశం కల్పించవచ్చు. ఆంధ్ర, ఉస్మానియా, కాకతీయ, శ్రీవేంకటేశ్వర విశ్వవిద్యాలయాల వాణిజ్య, నిర్వహణ శాఖలు ఏడాదికి తలా నాలుగు కేసులు రాసి, టీచింగ్ నోట్లతో ఉమ్మడిగా భద్రపరిచి అనుబంధ కళాశాలలకు ఉచితంగా ఇస్తే, ఐదేళ్లలో 80 కేసులు సమకూరుతాయి. ఒక ఎంబీఏ కోర్సు రెండేళ్ల కేసు బోధనలో పెద్ద భాగాన్ని వాటితోనే నడపవచ్చు. ఇందుకు కావలసిన మొదటి తీర్మానం పాఠ్య ప్రణాళికా మండళ్లది: ప్రశ్నపత్రంలోని అర పేజీ కల్పిత కేసును తొలగించి, పరీక్షకు వారం ముందు విద్యార్థులకు అందజేసిన నిజమైన కేసుపై, పుస్తకాలు తెరిచి రాసే ప్రశ్నను దాని స్థానంలో పెట్టడం.